టిక్కెట్టు మాది... తెర ఎవరిది?

2020లో 'హిల్‌బిలీ ఎలిజీ' అనే హాలీవుడ్ చిత్రం ఒకటి వచ్చింది. మీలో చాలామంది చూసి వుండరు. చూసినవాళ్ళు కూడా ఈపాటికి మర్చిపోయి వుంటారు!

కథ మనకి కొత్తదేం కాదు. ఒహైయో రాష్ట్రంలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ వూరు. తల్లి మత్తుమందులకి బానిస. కుర్రాణ్ణి పెంచే భారమంతా అమ్మమ్మ మీద పడింది. ఆ అమ్మమ్మ నోరు విప్పితే బూతులు, మనసు మాత్రం వెన్న. చివరికి ఆ కుర్రాడు పట్టుదలతో యేల్ లా కాలేజీ దాకా వెళ్తాడు. అక్కడ ఒక భారతీయ అమ్మాయితో ప్రేమలో పడతాడు. అమ్మమ్మగా గ్లెన్ క్లోజ్, తల్లిగా ఆమీ ఆడమ్స్, భారతీయ అమ్మాయిగా మన 'స్లమ్‌డాగ్ మిలియనీర్' ఫ్రీడా పింటో నటించారు. దర్శకుడు రాన్ హోవర్డ్.

పత్రికల్లో విమర్శకులు ఆ చిత్రాన్ని చీల్చి చెండాడారు. తమాషా ఏమిటంటే, గ్లెన్ క్లోజ్‌కి ఒకే పాత్రకి రెండు నామినేషన్లు వచ్చాయి. ఒకటి ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ నామినేషన్. రెండోది చెత్త నటనకిచ్చే గోల్డెన్ రాస్ప్‌బెర్రీ నామినేషన్! అయితే ఇళ్ళలో కూర్చుని చూసిన సామాన్య ప్రేక్షకులు చాలామంది "బావుందే, ఎందుకంత తిట్టారు?" అన్నారు.

ఇంతకీ ఆ కుర్రాడెవరో తెలుసా? జె.డి. వాన్స్! అది ఆయన స్వీయకథ. 2025 జనవరి 20న ఆయన అమెరికా ఉపాధ్యక్షుడుగా ప్రమాణస్వీకారం చేశాడు. ఇక ఆ భారతీయ అమ్మాయి చిలుకూరి ఉష... సాక్షాత్తూ మన తెలుగు దంపతుల కూతురు! ఆమె పుట్టింది కాలిఫోర్నియాలో అయినా, పూర్వీకుల వూరు పశ్చిమగోదావరిలో తణుకు దగ్గరి వడ్లూరు.

విమర్శకులు వెక్కిరించిన సినిమాలోని హీరో దేశానికి ఉపాధ్యక్షుడయ్యాడంటే ఏమిటర్థం? విమర్శకులు కూర్చున్న అమెరికా ఒకటి, ఓట్లేసిన అమెరికా ఇంకొకటి అన్నమాట! ఈ రెండు అమెరికాల మధ్య సినిమా హాలు సాక్షిగా ఎన్నో ఏళ్ళుగా ఒక తగువు నడుస్తోంది. ఆ తగువు సంగతే ఈ వారం మీకు చెప్పబోతున్నాం.

మమ్మల్ని చూసి నవ్వుతారెందుకు?

అక్కడి సంప్రదాయవాదులకి హాలీవుడ్ అంటే ఒళ్ళు మంట. వాళ్ళ ఫిర్యాదు సూటిగా చెప్పాలంటే ఇది: "దేశంలో కోట్లమందిమి ఆదివారం చర్చికి వెళ్తాం. పొలం దున్నుతాం. కొడుకుని సైన్యంలోకి పంపుతాం. మీ సినిమాలకి టిక్కెట్టు కొనేది మేమే. మరి మీ తెరమీద పాస్టరు ఎప్పుడూ దొంగే, పల్లెటూరివాడు ఎప్పుడూ మొద్దే ఎందుకవుతాడు? లాస్ ఏంజెలెస్‌లో, న్యూయార్క్‌లో కూర్చున్న పదిమంది మా బతుకుని ఎందుకు వెక్కిరించాలి?"

ఈ బాధ మనకి అర్థం కానిదేం కాదు. ఒక యాస మాట్లాడితే విలను, ఇంకో యాస మాట్లాడితే కమెడియను, హీరో మాత్రం పుస్తకంలో భాష మాట్లాడాలి అనే రోజులు మన సినిమాల్లోనూ గడిచాయి. తన మాటని తెరమీద ఎగతాళి చేస్తుంటే, హాల్లో తనూ నవ్వాల్సిరావటం ఎంత ఇబ్బందో అనుభవించినవాడికే తెలుస్తుంది!

ఈ ఫిర్యాదుకి 1992లో ఒక రూపం వచ్చింది. ఆ సంవత్సరం మైకేల్ మెద్వెద్ అనే సినీ విమర్శకుడు 'హాలీవుడ్ వర్సెస్ అమెరికా' అనే పుస్తకం రాశాడు. ఆయన బయటివాడు కాదు, టెలివిజన్‌లో సినిమా సమీక్షలు చేసేవాడే. "పెద్దలకి మాత్రమే అనే తరహా చిత్రాలకంటే ఇంటిల్లిపాదీ చూసే చిత్రాలే సగటున ఎక్కువ డబ్బు చేసుకుంటున్నాయి. అయినా హాలీవుడ్ మొదటి రకాన్నే ఎక్కువ తీస్తోంది. కనక ఇది వ్యాపారం కాదు, అహంకారం" అనేది ఆయన వాదం.

అదే ఏడాది మే నెలలో ఆనాటి ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఏకంగా ఒక టీవీ పాత్ర మీదే విరుచుకుపడ్డాడు! 'మర్ఫీ బ్రౌన్' అనే హాస్య సీరియల్‌లో కేండిస్ బెర్గెన్ పోషించిన పాత్ర పెళ్ళి కాకుండానే బిడ్డని కంటుంది. తండ్రి అక్కర్లేదన్నట్టు చూపించటం తప్పు అన్నాడు క్వేల్. దేశమంతా ఆయన్ని చూసి నవ్వింది. కల్పిత పాత్రతో పోట్లాడే ఉపాధ్యక్షుడని కార్టూన్లు వేశారు. కాని పదేళ్ళ తర్వాత కేండిస్ బెర్గెన్ ఏమన్నదో తెలుసా? ఆ ఉపన్యాసం తెలివైనదేననీ, పిల్లలకి తండ్రి అవసరం లేదనటం సరికాదన్న మాట తనకీ నచ్చిందనీ ఒప్పుకుంది! నవ్వినంత మాత్రాన ఎదుటివాడి మాటలో నిజం లేకుండా పోదు.

ఒకప్పుడు తాళంచెవి వాళ్ళ దగ్గరే!

ఇదంతా వింటే పాపం వీళ్ళకి హాలీవుడ్‌లో ఎన్నడూ చోటు లేదేమో అనిపిస్తుంది. అదేం కాదు. ఒకప్పుడు ఆ ఇంటి తాళంచెవి వాళ్ళ బొడ్లోనే వుండేది!

1930లో హాలీవుడ్ తనకి తాను 'ప్రొడక్షన్ కోడ్' రాసుకుంది. కేథలిక్కుల ఒత్తిడితో 1934 నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు. తప్పు చేసినవాడు చివరికి శిక్ష అనుభవించి తీరాలి. మతగురువుని హాస్యపాత్రగా గాని, విలన్‌గా గాని చూపించకూడదు. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య ప్రేమ చూపించనే కూడదు! దాదాపు ముప్పయ్యేళ్ళకి పైగా అదే శాసనం. 1968లో దాన్ని తీసేసి, ఏ వయసువాళ్ళు ఏ సినిమా చూడొచ్చో చెప్పే రేటింగులు పెట్టారు.

ఆ మధ్యలో వచ్చింది 1947. హాలీవుడ్‌లో కమ్యూనిస్టులు దూరారంటూ వాషింగ్టన్‌లో పార్లమెంటు కమిటీ విచారణ మొదలుపెట్టింది. గేరీ కూపర్, రాబర్ట్ టేలర్, వాల్ట్ డిస్నీ వంటి మహామహులు వెళ్ళి సాక్ష్యం చెప్పారు. జవాబు చెప్పం పొమ్మన్న పదిమంది జైలుకి వెళ్ళారు. వాళ్ళూ, వాళ్ళతోపాటు మరెంతోమంది రచయితలూ, నటులూ బ్లాక్‌లిస్టుకెక్కారు. డాల్టన్ ట్రంబో అనే రచయిత ఇంకొకరి పేరుమీద 'రోమన్ హాలిడే' కథ రాస్తే, దానికి ఆస్కార్ వచ్చినా తీసుకోటానికి ఆయనకి పేరు లేదు!

ఆ సాక్షుల్లో నటీనటుల సంఘం అధ్యక్షుడు ఒకాయన వున్నాడు. పేరు రోనాల్డ్ రీగన్. అప్పటికాయన డెమొక్రాటే, 1962లో గాని రిపబ్లికన్ కాలేదు. కమ్యూనిస్టులంటే తనకి గిట్టదని చెబుతూనే, భావాల కారణంగా ఒక పార్టీని నిషేధించటం మాత్రం తనకి ఇష్టం లేదన్నాడాయన. ఆ తర్వాత ఆయన సంఘం బ్లాక్‌లిస్టుకి అడ్డు నిలబడలేదన్నదీ నిజమే. అయినా ఆ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ పనికొస్తుంది.

ఒకే మనిషి... రెండు జవాబులు!

ఇప్పుడు అసలు కథ. దీనికి హీరో మన అభిమాన కౌబాయ్ జాన్ వేన్!

1952లో 'హై నూన్' వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకి పగవాడు దిగబోతున్నాడు. మార్షల్ గేరీ కూపర్ సాయం కోసం వూరందర్నీ అడుగుతాడు. ఒక్కడూ ముందుకి రాడు. చివరికి తనే గెలిచి, తన బిళ్ళని నేలమీద పారేసి వెళ్ళిపోతాడు. ఆ కథ రాసిన కార్ల్ ఫోర్‌మన్ అప్పుడే విచారణ కమిటీ చేతిలో నలుగుతున్నాడు. స్నేహితులంతా మొహం చాటేస్తున్నారు. ఆ వూరే హాలీవుడ్, ఆ మార్షలే తను అన్నమాట!

జాన్ వేన్‌కి ఆ చిత్రం అస్సలు నచ్చలేదు. అమెరికా పల్లెజనాన్ని అంత పిరికివాళ్ళుగా చూపిస్తారా అని మండిపడ్డాడు. తమాషా చూడండి... ఆ చిత్రంలో నటనకి గేరీ కూపర్‌కి ఆస్కార్ వచ్చినప్పుడు ఆయన వూళ్ళో లేకపోతే, ఆయన తరఫున వేదికెక్కి దాన్ని అందుకున్నది సాక్షాత్తూ జాన్ వేనే!

వేన్ ఆ కోపాన్ని రెండు విధాలుగా తీర్చుకున్నాడు. మొదటిది, ఫోర్‌మన్‌ని హాలీవుడ్ నుంచి వెళ్ళగొట్టటంలో తనూ ఓ చెయ్యివేశాడు. అందుకు ఎన్నడూ విచారించలేదు కూడా. ఫోర్‌మన్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. అక్కడ మరొకరితో కలిసి 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' స్క్రీన్‌ప్లే రాశాడు. పేరు మాత్రం తెరమీద పడలేదు.

రెండోది, 1959లో దర్శకుడు హోవర్డ్ హాక్స్‌తో కలిసి 'రియో బ్రావో' తీశాడు. ఇందులో షెరీఫ్, ఇందులోనూ దుష్టుల ముఠాయే. కాని ఈ షెరీఫ్ ఎవర్నీ సాయం అడగడు. చేతకానివాళ్ళు చావటమెందుకు, ఇది నా పని అంటాడు. అయినా ఒక తాగుబోతూ, ఒక కుంటి ముసలాయనా, ఒక కుర్రాడూ తమంతట తామే వచ్చి అతని పక్కన నిలబడతారు. "మా అమెరికా ఇదయ్యా!" అని చెప్పటమన్నమాట.

ఇవాళ ఈ రెండు సినిమాలూ కళాఖండాలే. చూసినవాడు రెంటికీ చప్పట్లు కొడతాడు. మరి ఫోర్‌మన్‌ని వెళ్ళగొట్టినందుకు ఎవరైనా చప్పట్లు కొడుతున్నారా? లేదు! ఆ రోజుల్ని తల్చుకుని హాలీవుడ్ ఇప్పటికీ తలవంచుకుంటోంది. ఒకే మనిషి, ఒకే కోపం. సినిమాకి సినిమాతో జవాబిచ్చినప్పుడు అందరికీ లాభం. లాఠీతో ఇచ్చినప్పుడు అందరికీ నష్టం.

మైకు దొరికింది... మరి కెమెరా?

రోజులు మారాయి. 1960ల తర్వాత హాలీవుడ్ ఉదారవాదుల చేతిలోకి వెళ్ళింది. రీగన్ మాత్రం 1981లో ఏకంగా దేశాధ్యక్షుడయ్యాడు. అదే సంవత్సరం మార్చి 30న ఆయనపై కాల్పులు జరిగాయి. కాల్చినవాడు 'టాక్సీ డ్రైవర్' సినిమా చూసి, అందులో నటించిన జోడీ ఫాస్టర్ మీద పిచ్చి పెంచుకున్నవాడు! ఆ రాత్రి జరగాల్సిన ఆస్కార్ సభని మర్నాటికి వాయిదా వేశారు. సినిమా మనిషి మీద ఎంత పనిచేస్తుందనే చర్చ ఆనాడు ఇంటింటా జరిగింది.

1987లో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. రేడియో, టీవీల్లో వివాదాస్పదమైన విషయాలు మాట్లాడితే ఎదుటి పక్షం వాదనా వినిపించాలనే పాత నియమాన్ని ఎత్తేశారు. మర్నాడే అన్నట్టు 1988లో రష్ లింబా అనే గొంతు దేశమంతా మోగింది. 1996లో ఫాక్స్ న్యూస్ వచ్చింది. ఆ తర్వాత ఇంటర్నెట్ యుగంలో ఆండ్రూ బ్రైట్‌బార్ట్, బెన్ షపీరో వంటి వ్యాఖ్యాతలు బయల్దేరారు. సంస్కృతి ఎటు పోతే రాజకీయం దాని వెనకే పోతుందనేది బ్రైట్‌బార్ట్ సిద్ధాంతం. అందుకే ఈ వ్యాఖ్యాతలు ఎన్నికల గురించి ఎంత మాట్లాడతారో సినిమాల గురించీ అంత మాట్లాడతారు!

అయితే తిట్టినంత మాత్రాన సినిమా పడిపోతుందా? 2023లో 'బార్బీ' మీద బెన్ షపీరో ముప్పావుగంట సేపు నిప్పులు కురిపించాడు. బార్బీ బొమ్మల్ని నిజంగానే తగలబెట్టాడు కూడా! ఆ సినిమా ప్రపంచమంతటా 140 కోట్ల డాలర్లకి పైగా వసూలు చేసింది. మరోవైపు 2025లో డిస్నీ వారి కొత్త 'స్నో వైట్' ఘోరంగా దెబ్బతింది. వాళ్ళ మాట ఫలించిందని వ్యాఖ్యాతలు పండగ చేసుకున్నారు. అసలు కారణం తిట్లా, సినిమా బాగోలేకపోవటమా? ప్రేక్షక మహాశయుడు ఎవరి మాటా వినడు. వాడికి నచ్చితే చూస్తాడు, లేకపోతే లేదు. ఇది మన సినిమావాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేని సత్యం!

మాటలకంటే గట్టిగా పనిచేసింది కెమెరాయే. 2004లో మెల్ గిబ్సన్ 'ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్' తీశాడు. సంభాషణలు అరమాయిక్, లాటిన్, హీబ్రూ భాషల్లో! పెద్ద స్టూడియోలు వద్దన్నాయి. సుమారు 3 కోట్ల డాలర్ల సొంత డబ్బు పెట్టాడు. యూదుల్ని చెడుగా చూపించాడన్న తీవ్రమైన విమర్శా వచ్చింది. కాని చర్చిల నుంచి జనం బస్సులు కట్టుకుని వచ్చారు. 60 కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి. 2014 చివర్లో వచ్చిన క్లింట్ ఈస్ట్‌వుడ్ చిత్రం 'అమెరికన్ స్నైపర్' ఒక సైనికుడి కథ. అమెరికాలోనే 35 కోట్ల డాలర్లు వసూలు చేసి, ఆ ఏడాది చిత్రాలన్నిట్నీ అక్కడ మించిపోయింది. 2023 జూలై 4న చిన్న సంస్థ ఏంజెల్ స్టూడియోస్ 'సౌండ్ ఆఫ్ ఫ్రీడమ్' విడుదల చేసింది. పిల్లల్ని అమ్ముకునే ముఠాల మీద కథ. సినిమా చూసినవాడు ముక్కూమొహం తెలియని ఇంకొకడి కోసం టిక్కెట్టు కొనిపెట్టే ఏర్పాటు చేశారు. అమెరికాలో 18 కోట్ల డాలర్లు దాటింది!

చూశారా! "మా కథ చెప్పటం లేదు" అని ఏడ్చినవాళ్ళు తమ కథ తామే చెప్పుకుంటే జనం వరసకట్టారు. దీన్ని ఎవరు కాదనగలరు?

మళ్ళీ లాఠీ చేతికొచ్చిన వేళ

2025 జనవరిలో డోనాల్డ్ ట్రంప్ రెండోసారి అధ్యక్షుడయ్యాడు. ఆయనా మనవాడే... అంటే తెర మనిషే! 1992లో 'హోమ్ అలోన్ 2'లో ఒక్క క్షణం కనపడ్డాడు. 2004 నుంచి 'ది అప్రెంటిస్' టీవీ షోతో ఇంటింటి మనిషయ్యాడు. పదవి చేపట్టటానికి నాలుగు రోజులముందే జాన్ వాయిట్, మెల్ గిబ్సన్, సిల్వెస్టర్ స్టాలోన్‌లని హాలీవుడ్‌కి తన ప్రత్యేక రాయబారులుగా ప్రకటించాడు.

ఆ సెప్టెంబర్‌లో రెండు సంఘటనలు జరిగాయి. 10వ తేదీన చార్లీ కిర్క్ అనే 31 ఏళ్ళ సంప్రదాయవాద యువనాయకుణ్ణి యూటా రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ సభలో, విద్యార్థులతో వాదన చేస్తుండగా కాల్చి చంపారు. మాటకి తుపాకీతో జవాబిచ్చిన దారుణమది. ఆ హత్య గురించి టీవీ హాస్యగాడు జిమ్మీ కిమ్మెల్ చేసిన ఒక వ్యాఖ్య చాలామందికి కోపం తెప్పించింది. కోపం రావటంలో తప్పులేదు. కాని ప్రసార సంస్థలకి లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంఘం అధ్యక్షుడు బ్రెండన్ కార్ రంగంలోకి దిగి, సంస్థ తనే ఏదో ఒకటి చేస్తే సరి, లేకపోతే మేం చేయాల్సి వస్తుంది అనే ధోరణిలో మాట్లాడాడు. 17న ఏబీసీ వారు కిమ్మెల్ షో ఆపేశారు. గోల రేగింది. 23న మళ్ళీ మొదలుపెట్టారు.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది టెక్సాస్ సెనేటర్ టెడ్ క్రూజ్‌ని. ఆయన నిఖార్సయిన సంప్రదాయవాది. కిమ్మెల్ అంటే ఆయనకి ఏమాత్రం పడదు. అయినా కార్ మాటతీరు 'గుడ్‌ఫెల్లాస్' సినిమాలో మాఫియావాడి బెదిరింపులా వుందన్నాడు! ఇవాళ మనం వాడిన కర్రనే రేపు వాళ్ళు అధికారంలోకొచ్చి మన మీద వాడతారు అని తనవాళ్ళనే హెచ్చరించాడు. 1947లో రీగన్ అన్న మాట గుర్తుకి రాలేదూ?

ఆ తుఫాను మన తీరానికీ...

"వాళ్ళ గొడవ మనకెందుకు?" అంటారా? అక్కడికే వస్తున్నాం.

2025 మే 4న ట్రంప్ ఒక బాంబు పేల్చాడు. విదేశాల్లో తయారైన సినిమాలన్నిటిమీదా నూటికి నూరుశాతం సుంకం వేస్తానన్నాడు. సెప్టెంబర్ 29న మళ్ళీ అదే మాట అన్నాడు. ఆయన బాధ పూర్తిగా కల్పితం కాదు. పన్ను రాయితీల కోసం హాలీవుడ్ షూటింగులు కెనడాకీ, బ్రిటన్‌కీ తరలిపోతున్నాయి. లాస్ ఏంజెలెస్‌లో లైట్‌బాయ్‌లూ, వడ్రంగులూ, మేకప్‌వాళ్ళూ పనుల్లేక కూర్చున్నారు. వాళ్ళ పొయ్యి వెలగాలన్నది న్యాయమైన కోరికే.

కాని సినిమా అంటే రేవులో దిగే బియ్యం బస్తా కాదుకదా! దేనిమీద లెక్కగట్టి, ఎక్కడ వసూలు చేస్తారో ఆ రెండు ప్రకటనల్లోనూ లేదు. పైగా, అత్యవసర అధికారాలతో వ్యాపారాన్ని అరికట్టే అధ్యక్షుడైనా సరే, పుస్తకాలూ, సినిమాలూ వంటి వాటిని ఆపకూడదని 1988లోనే ఒక చట్టసవరణ వచ్చింది. ఆ రోజు రాష్ట్రపతి భవనంలో... అదే, వైట్ హౌస్‌లో వున్నది ఎవరో తెలుసా? రీగన్!

ఆ ప్రకటన వినగానే హైదరాబాద్ ఫిలింనగర్‌లో గుండెలు గుభేల్‌మన్నాయి. ఎందుకంటే విదేశాల్లో మన తెలుగు సినిమాకి పెద్ద మార్కెట్టు అమెరికాయే. 'బాహుబలి 2' 2017లో ఉత్తర అమెరికాలో సుమారు 2 కోట్ల డాలర్లు వసూలు చేసింది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో విడుదలకి ముందు రాత్రే ప్రీమియర్ షోలు వేస్తే, ఆఫీసు నుంచి సరాసరి హాలుకి పరిగెత్తే మన కుర్రాళ్ళు ఎంతమంది! అంతెందుకు, 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రోజు మీ వీధిలో ఎన్ని టపాకాయలు పేలాయి? ఆ పాటని మోసుకెళ్ళి ఆ వేదిక మీద నిలబెట్టింది ఏ ప్రభుత్వమూ కాదు. మాట అర్థంకాకపోయినా, హాల్లో లేచి చిందులేసిన ప్రేక్షకుడు!

అందుకే సంప్రదాయవాదుల అలకని మనం వెక్కిరించక్కర్లేదు. తన బతుకుని తెరమీద గౌరవంగా చూడాలని కోరుకోవటం ఒహైయో ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడికైనా, తణుకు పక్కన రైతుకైనా ఒకటే హక్కు. ఆ హక్కు కోసం వాళ్ళు కెమెరా పట్టుకున్న ప్రతిసారీ గెలిచారని కాదు. కాని గెలిచినప్పుడు ఆ గెలుపు నిలిచింది. లాఠీ పట్టుకుని గెలిచిన గెలుపు మాత్రం పార్టీ మారేదాకానే!

టిక్కెట్టు కొన్నవాడికి ఈల వేసే హక్కుంది. కాగితాలు ఎగరేసే హక్కుంది. నచ్చకపోతే ఇంటర్వెల్లో లేచి వెళ్ళిపోయే హక్కూ వుంది. ఎదురుగా ఇంకో సినిమా తీసి సవాలు చేసే హక్కు అంతకంటే గొప్పది. ప్రొజెక్టర్ రూములోకి దూరి కరెంటు పీకేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు... ఆయన అమెరికా అధ్యక్షుడైనా సరే!